బీరువా మనది, తాళం ఎవరిది?

(శ్రీకాకుళంలో కళాశాలల గ్రంథపాలకులకు, పరిశోధక విద్యార్థులకు జరిగిన శిక్షణ తరగతుల్లో ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, వెనక వరసల్లో సర్దుకుంటున్న మా పాత నేస్తాలకీ కూడా. వెనకే ఎందుకు కూర్చుంటారో నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్లు నేనూ అక్కడే కూర్చున్నాను. ఫ్యాను గాలి అక్కడే తగుల్తుంది, పైగా టీ వచ్చేది ఆ తలుపులోంచే. (నవ్వులు)

పరిచయం చేసినాయన నన్ను ఈ-వనరుల నిపుణురాలు అన్నారు. అంత లేదండీ. నేను ఉద్యోగంలో చేరిన రోజున నాకు అప్పగించింది కంప్యూటరు కాదు, కార్డెక్స్. ఇక్కడున్న పిల్లలు చాలామంది దాన్ని చూసి ఉండరు. ఇనప పెట్టె, దానికి పలచటి సొరుగులు, సొరుగు లాగితే మెట్లుమెట్లుగా అట్టలు. పత్రికకో అట్ట. జనవరి సంచిక వచ్చిందా, జనవరి గడిలో తేదీ వెయ్యి. రాలేదా, ఏజెంటుకి ఉత్తరం రాయి. విదేశీ పత్రికలైతే ఓడలో వచ్చేవి. ఎండాకాలంలో రావాల్సిన సంచిక సంక్రాంతికి చేరితే సంతోషించేవాళ్లం. ఏడాది సంచికలన్నీ పోగయ్యాక బైండింగుకి పంపేవాళ్లం. మైదా జిగురులో మైలుతుత్తం కలిపిన ఆ వాసన నాకిప్పటికీ ముక్కుకి తగుల్తూనే ఉంటుంది.

అంత చాకిరీలోనూ ఒక ధీమా ఉండేది. డబ్బుల్లేక వచ్చే ఏడు ఆ పత్రిక ఆపేసినా, కిందటేడు కొన్న సంపుటం బీరువాలో ఉండేది. దాన్ని ఎవరూ పట్టుకుపోరు, చెద తప్ప.

ఈ-జర్నల్స్‌కి మొదటిసారి డబ్బు కట్టిన ఏడాది మా అటెండరు ఒకాయన నా టేబులు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. “అమ్మా, బిల్లయితే వచ్చినాది గానీ పార్సెలు రానేదండి. లారీ ఆఫీసుకెళ్లి అడిగొచ్చీమంటారా?” అన్నాడు. నేను నవ్వాను. పార్సెలు రాదు, కంప్యూటర్లోనే చదువుకోవాలి అని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, “అయితే మనకేటి మిగిల్నట్టండి?” అన్నాడు.

ఆ నవ్వు నాకు ఎక్కువ రోజులు నిలవలేదు. అదే ప్రశ్న ఆర్నెల్ల తర్వాత ఆడిటు వాళ్లు అడిగారు. ఇన్ని లక్షలు పెట్టారు కదా, యాక్సెషన్ రిజిస్టర్లో నంబర్లేవి, స్టాకు చూపించండి అన్నారు. కంప్యూటరు తెరిచి చూపించబోయాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ నాకు ఆ రోజు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆడిటరుకి చెప్పాల్సిన జవాబు నా దగ్గర నిజంగానే లేదు. మేము కొన్నదేమిటి? వస్తువా, అనుమతా?

ఈ పూట మీతో చెప్పాలనుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ-జర్నల్ విషయంలో బీరువా మనది కాదు, అందులోని పుస్తకం మనది కాదు. మనకిచ్చింది తాళంచెవి. అదీ గడువు రాసున్న తాళంచెవి. అందువల్ల గ్రంథపాలకుడి పని తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి. కార్డెక్స్ రోజుల్లో దస్తరం సరిగ్గా లేకపోతే ఒక సంచిక పోయేది. ఇప్పుడు దస్తరం లేకపోతే ఇరవయ్యేళ్ల పత్రిక పోతుంది.

ఎలా పోతుందో చెప్తాను. అద్దెల్లో రెండు రకాలున్నాయి. పదుల కొద్దీ ప్రచురణకర్తల పత్రికల్ని ఒకచోట కట్టగట్టి ఇచ్చే డేటాబేసులు ఒక రకం. వాటికి చందా కట్టినన్నాళ్లే దర్శనం. కట్టడం మానేస్తే పాతదీ కొత్తదీ అన్నీ మూతపడతాయి. పైగా ఆ కట్టలోంచి ఏ పత్రిక ఎప్పుడు తప్పుకుంటుందో చెప్పలేం. కొన్నిటికి తాజా సంచికలు ఏడాది ఆలస్యంగా గానీ పెట్టరు. ఇక రెండో రకం, ప్రచురణకర్త దగ్గరే నేరుగా తీసుకునేది. ఇందులో ఒప్పందం బాగుంటే, డబ్బు కట్టిన సంవత్సరాల సంచికల మీద శాశ్వత హక్కు ఉంటుంది. చందా ఆపేసినా ఆ ఏళ్లవి చదువుకోవచ్చు. ‘బాగుంటే’ అన్నాను, గమనించండి. ఆ మాట ఒప్పందంలో రాసి ఉంటేనే హక్కు. సేల్సు కుర్రాడు ఫోన్లో చెప్పింది హక్కు కాదు.

మాకొకసారి ఇలా అయింది. ఒక పత్రికని ఒక ప్రచురణ సంస్థ నుంచి ఇంకో సంస్థ కొనుక్కుంది. కొత్తవాళ్లు మాకు పాత సంచికలు మూసేశారు. మేము ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు కట్టాం మహాప్రభో అంటే, రుజువు పంపమన్నారు. న్యాయమే. ఆ ఒప్పందం కాగితం కోసం లైబ్రరీ అంతా వెతికాం, లేదు. చివరికి అకౌంట్స్ సెక్షన్లో, ఏసీ రిపేరు బిల్లుల ఫైల్లో దొరికింది. ఎవరో చెల్లింపు ఫైలుతో కలిపి కుట్టేశారు. రెండు నెలలు పట్టింది. ఈలోగా ఒక అమ్మాయి థీసిస్ సమర్పించే గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి ముఖం తల్చుకుంటే నాకింకా సిగ్గుగానే ఉంటుంది.

అందుకే నా మాట వినండి. ఒక పుస్తకం పెట్టుకోండి, లేదా ఒక ఎక్సెల్ షీటు. పత్రిక పేరు, పత్రికని గుర్తుపట్టే నంబరైన ఐఎస్‌ఎస్‌ఎన్, అచ్చుదొకటి, ఎలక్ట్రానిక్‌దొకటి. రెండూ వేర్వేరు నంబర్లు, కలపకండి. మనకి ఏ సంపుటం నుంచి ఏ సంపుటం వరకు హక్కుంది, శాశ్వతమా కాదా, ఎవరి ద్వారా కొన్నాం, ఒప్పందం ప్రతి ఎక్కడుంది. పెద్ద లైబ్రరీలకి దీనికోసం ప్రత్యేకం సాఫ్ట్‌వేర్లున్నాయి. ప్రచురణకర్తలు తమ పత్రికల జాబితా ఇవ్వడానికి కేబార్ట్ అని ఒక పద్ధతి కూడా ఉంది, 2010 నుంచి నడుస్తోంది. అది అడిగి తీసుకోండి. సాఫ్ట్‌వేరు లేకపోతే ఎక్సెల్ చాలు. రాయకపోతే ఏ సాఫ్ట్‌వేరూ చాలదు.

సరే, ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా, ఢిల్లీ వాళ్లే కొనిస్తున్నారు కదా అనొచ్చు మీరు. అవును, అక్కడికే వస్తున్నాను.

1991లో యూజీసీ మొదలుపెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్, ఇప్పుడది గాంధీనగర్‌లో ఉంది, మనలాంటి వాళ్లందరినీ ఒక్క గుంపుగా, అంటే కన్సార్టియంగా, చేసి బేరమాడ్డం నేర్పింది. 2004లో యూజీసీ-ఇన్ఫోనెట్ పేరుతో విశ్వవిద్యాలయాలకి ఈ-జర్నల్స్ వచ్చాయి. 2010లో ఎన్-లిస్ట్‌తో డిగ్రీ కాలేజీలకీ దారి పడింది. 2015లో అన్నీ కలిపి ఈ-శోధ్‌సింధు అన్నారు. ఇక 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కి, అంటే దేశమంతటికీ కలిపి ఒకే చందాకి, ఒప్పుకుంది. 2025, 2026, 2027 మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థలు, 1.8 కోట్ల మంది చదువరులు. లెక్క వేసి చూడండి. ఏడాదికి 2,000 కోట్లు. మనిషికి సుమారు 1,100 రూపాయలు. అచ్చు రోజుల్లో ఆ డబ్బుకి ఒక మంచి విదేశీ పత్రిక ఒక్క సంచిక కూడా వచ్చేది కాదు.

నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడను. ఎచ్చెర్లలో మన అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో, గురజాడ పేరుతో జేఎన్‌టీయూ 2022లో వచ్చాయి. నిన్నగాక మొన్న పుట్టిన లైబ్రరీలకి యాభయ్యేళ్ల నాటి బైండు సంపుటాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఢిల్లీలోనో చెన్నైలోనో చదివే పిల్లాడు ఏ వ్యాసం తెరుస్తున్నాడో, ఎచ్చెర్ల హాస్టల్లో ఉన్న పిల్ల కూడా అదే రోజు అదే వ్యాసం తెరవగలగడం మా తరానికి ఊహకందని సంగతి. ఒక వ్యాసం కాపీ కోసం నేను రాత్రి రైలెక్కి హైదరాబాదు వెళ్లొచ్చాను.

కానీ ఇందులో మూడు సంగతులు మర్చిపోకూడదు. ఈ ఏర్పాటుకి రాసుకున్న గడువు 2027 డిసెంబరు. ఆ తర్వాత కూడా కొనసాగుతుందనే అందరం ఆశపడుతున్నాం. ఆశపడ్డం వేరు, జనవరి 1న పొద్దున్నే వచ్చి లింకు తెరుచుకుంటుందో లేదో చూసుకోవడం వేరు. రెండోది, ఈ విడతలో ఉన్నవి ప్రభుత్వ సంస్థలు. ఇక్కడ ప్రైవేటు కాలేజీల నుంచి వచ్చినవాళ్లు సగం మంది ఉన్నారు, మీ చందాల లెక్క మీరే చూసుకోవాలి. మూడోది, ఇది పత్రికల పథకం. ఈ-పుస్తకాలు మన సొంత బడ్జెట్‌లోంచే.

బడ్జెట్ అన్నాను కాబట్టి ఒక చిన్న మాట. ప్రచురణకర్తల ఏడాది జనవరి నుంచి డిసెంబరు. మనది ఏప్రిల్ నుంచి మార్చి. డిసెంబరులో రెన్యూవల్ ఇన్‌వాయిస్ వస్తుంది, మనకి గ్రాంటు విడుదలయ్యేసరికి ఫిబ్రవరి. ఈ నడుమ రెండు నెలలూ తలుపు మూసెయ్యకుండా గ్రేస్ ఇవ్వమని అక్టోబరులోనే అడిగి రాయించుకోవాలి. డిసెంబరు 31న అడిగితే అవతల వాళ్లు క్రిస్మస్ సెలవుల్లో ఉంటారు. డాలరు ఒక రూపాయి పెరిగితే మన ఇండెంటు ఎంత పెరుగుతుందో కూడా ముందే వేసుకుని పెట్టండి.

ఇప్పుడు తలుపు సంగతి. పిల్లలు వచ్చి “మేడం, ఓపెన్ అవ్వట్లేదు” అంటారు. నూటికి ఎనభై సార్లు మన పని ఈ వాక్యంతోనే మొదలవుతుంది. అది ఎందుకు ఓపెన్ అవ్వట్లేదో తెలియాలంటే, ఎలా ఓపెన్ అవుతుందో తెలియాలి. ప్రచురణకర్తకి మన పిల్లల ముఖాలు తెలియవు. వాళ్లకి తెలిసింది మన క్యాంపస్ ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్లో మన లైనుకున్న నంబరు, ఒక్కటే. ఆ చిరునామా నుంచి వచ్చినవాళ్లంతా మనవాళ్లేనని లోపలికి పంపిస్తారు. సెలూన్లో కూర్చున్నవాడైనా సరే, మన వైఫైలో ఉంటే వాడు మన పరిశోధకుడే. (నవ్వులు)

ఒక ఏడు వేసవి సెలవుల్లో మా క్యాంపస్‌కి ఇంటర్నెట్ లైను మార్చారు. పాత కంపెనీ పోయి కొత్త కంపెనీ వచ్చింది. వేగం బాగా పెరిగింది, అందరం సంతోషించాం. జులైలో క్లాసులు మొదలయ్యాక ఒక్క పత్రికా తెరుచుకోదు. ప్రచురణకర్తల దగ్గర పాత ఐపీలే ఉన్నాయి. లైను మార్చినవాళ్లకి లైబ్రరీతో పనుందని తట్టలేదు, వాళ్లకి ముందే చెప్పాలని నాకూ తట్టలేదు. ఒక్కొక్కరికీ మెయిలు రాసి మార్పించేసరికి మూడు వారాలు. అప్పట్నుంచి నెట్‌వర్కు చూసే కుర్రాడికి సంక్రాంతికి అరిసెలు పంపడం మొదలుపెట్టాను. ఏ ఒప్పందంలోనూ రాయని షరతు అది, కానీ పనిచేస్తుంది.

ఇంకోటి. ఐపీ మీద ఆధారపడితే క్యాంపస్ దాటగానే తలుపు మూతపడుతుంది. మన పరిశోధకులు క్యాంపస్‌లో ఎంతమందుంటారు? ఒకాయన సీతంపేట ఏజెన్సీలో ఫీల్డ్‌వర్క్‌లో ఉంటాడు, ఒకామె పిల్లల్ని చూసుకుంటూ పాతపట్నంలో పుట్టింట్లో ఉంటుంది, ఇంకొకాయన టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైం చేస్తుంటాడు. వీళ్లకోసమే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ ఉంది. మన సంస్థ ఇచ్చిన యూజర్‌నేమ్‌తో ఎక్కడ నుంచైనా లోపలికి వెళ్లొచ్చు. ‘ఈమె మా విద్యార్థే’ అని మనం హామీ ఇస్తాం, ఆ హామీ చూసి ప్రచురణకర్త తలుపు తీస్తాడు. హామీ ఇస్తున్నాం కాబట్టి, చదువైపోయి వెళ్లిపోయినవాళ్ల పేర్లు తీసెయ్యడం కూడా మన పనే. చాలాచోట్ల ఈ పని జరగదు. పాస్ అవుట్ అయి ఐదేళ్లైన కుర్రాడి లాగిన్ బెంగళూరులో ఏదో కంపెనీలో పనిచేస్తూ ఉంటుంది.

డౌన్‌లోడ్ గురించి పరిశోధక విద్యార్థులకి గట్టిగా చెప్తున్నాను. ఏవో టూల్స్ పెట్టి ఒక్క రాత్రిలో పత్రిక మొదటి సంపుటం నుంచి మొత్తం దించేసుకోవద్దు. అవతల సర్వరు దాన్ని పసిగట్టి మొత్తం క్యాంపస్ ఐపీని ఆపేస్తుంది. మాకు అలా అయినప్పుడు ఎవరు చేశారో కనిపెట్టడానికి వారం పట్టింది, ఎందుకంటే బయటికి మా క్యాంపస్ అంతా ఒకే చిరునామాలా కనిపిస్తుంది. చివరికి తేలిందేమిటంటే, ఆ అబ్బాయి పాపం దురాశతో చెయ్యలేదు. ఊరెళ్తున్నాడు, వాళ్ల ఊళ్లో సిగ్నలుండదు, వెంట తీసుకెళ్దామనుకున్నాడు. ఇన్‌ఫెడ్ లాగిన్ అతనికి మేము ఇవ్వలేదు. తప్పు సగం మాదే.

(సభలోంచి ఒక ప్రశ్న: “మేడం, మాకు దొరకనివి సై-హబ్‌లో తీసుకుంటున్నాం. తప్పా?”)

ధైర్యంగా అడిగినందుకు అభినందిస్తున్నాను. అందరూ చేస్తారు, ఎవరూ అడగరు. సై-హబ్ అంటే వ్యాసాల్ని అనుమతి లేకుండా ఉచితంగా పంచే సైటు. అది కాపీరైటుని కాదని నడిచేది. ఢిల్లీ హైకోర్టులో 2020లో పెద్ద ప్రచురణ సంస్థలు దావా వేశాయి. ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీ మనిషిగా నేను ఆ దారి చూపించలేను. కానీ తిట్టి పంపను కూడా. దొరకని వ్యాసానికి ఇంకా దారులున్నాయి, అవి చాలామంది తొక్కరు. అన్‌పేవాల్ అని బ్రౌజర్లో పెట్టుకోండి, రచయిత చట్టబద్ధంగా ఉచితంగా పెట్టిన ప్రతి ఎక్కడున్నా చూపిస్తుంది. భౌతికశాస్త్రం, గణితం అయితే వ్యాసాలు ఉచితంగా దొరికే ఆర్కైవ్ అనే సైటు 1991 నుంచి ఉంది. వైద్యానికి పబ్‌మెడ్ సెంట్రల్. ఏదీ కాకపోతే రచయితకే మెయిలు రాయండి. తన వ్యాసం శ్రీకాకుళంలో ఒకరు చదవాలనుకుంటున్నారంటే ఏ రచయితైనా పొంగిపోతాడు. నా అనుభవంలో రెండ్రోజుల్లో జవాబు వస్తుంది. వెంటనే పంపేవాళ్లలో ఎక్కువమంది బాగా పేరున్న ప్రొఫెసర్లే.

ఇక ఈ-పుస్తకాలు. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది, ఓర్చుకోండి.

అచ్చు పుస్తకం ఒక కాపీ కొంటే ఒకరు చదువుతారు, అది సహజం. ఈ-పుస్తకాన్ని ఒకేసారి వందమంది చదవగలరు, అది దాని స్వభావం. కానీ అమ్మేటప్పుడు ఒకసారికి ఒక్కరే చదివేలా తాళం వేసి అమ్ముతారు. ముగ్గురికైతే ఒక ధర, అందరికీ అయితే ఇంకో ధర. పరీక్షలకి ముందు నలభై మంది ఒకే పుస్తకం మీద పడతారు. మొదటివాడు తెరిచి భోజనానికి వెళ్లిపోతాడు, మిగతా ముప్ఫై తొమ్మిది మందికీ ‘పుస్తకం వాడుకలో ఉంది’ అని వస్తుంది. కంప్యూటర్లో ఉన్న పుస్తకం వాడుకలో ఉండటమేమిటని వాళ్లు మనని నిలదీస్తారు. కొనేముందు ఏకకాలంలో ఎంతమందని అడగండి. కాపీ ఎన్ని పేజీలు, ప్రింటు ఎన్ని పేజీలు, డౌన్‌లోడ్ చేసుకుంటే ఎన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది, ఇవన్నీ అడగండి.

ఇంకా, ప్యాకేజీ మోజు. పదివేల పుస్తకాలు ఇంత చవగ్గా అంటారు. జాబితా తెరిచి చూస్తే మన సిలబస్‌లో ఉన్న పాఠ్యపుస్తకం ఒక్కటీ ఉండదు. బాగా అమ్ముడయ్యే పాఠ్యపుస్తకాన్ని లైబ్రరీకి ఈ-రూపంలో ఇస్తే పిల్లలు కొనరని వాళ్ల భయం. ఊళ్లో సంతకి వెళ్లి కూరగాయలు కొనేటప్పుడు గంపగుత్తగా ఇస్తానంటే అడుగునున్నవి తిరగేసి చూస్తామా లేదా? లక్షల రూపాయల ప్యాకేజీకి మాత్రం బ్రోచరు చూసి సంతకం పెట్టేస్తాం. నెల రోజులు ట్రయల్ అడగండి, ఆ నెల్లో పాఠాలు చెప్పేవాళ్ల చేత వాడించండి. ఆ నెల మే నెల కాకుండా చూసుకోండి. కొందరు సేల్సువాళ్లు తెలివిగా సెలవుల్లోనే ట్రయల్ ఇస్తారు.

తెలుగు శాఖ వాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేవారు, మాకేం కొంటున్నారు అని. ఏం చెప్పను? పెద్ద ప్యాకేజీల్లో నేను వెతికినంత వెతికి, తెలుగు పుస్తకం దొరక్క ఖాళీ చేతుల్తో తిరిగొచ్చేదాన్ని. వాళ్లకి అచ్చు పుస్తకాలే కొనాలి. ఈ-వనరులకి డబ్బంతా మళ్లించేసి తెలుగు శాఖకి ఏమీ లేదనడం అన్యాయమని ప్రతి లైబ్రరీ కమిటీలో గొడవ పడ్డాను. రెండుసార్లు గెలిచాను.

అద్దె అంటే ఏమిటో ప్రపంచానికంతటికీ తెలిసొచ్చిన రోజొకటుంది. 2009 జులైలో అమెజాన్ వాళ్లు తమ కిండిల్ పరికరాల్లో జనం డబ్బిచ్చి కొనుక్కున్న ఒక పుస్తకాన్ని రాత్రికి రాత్రి దూరం నుంచే చెరిపేశారు. అమ్మినవాడికి హక్కుల్లేవని తేలిందట. డబ్బు వెనక్కిచ్చారు, తర్వాత తప్పయిందని క్షమాపణ కూడా చెప్పారు. ఆ పుస్తకం ఏమిటో తెలుసా? జార్జ్ ఆర్వెల్ ‘1984’. ప్రభుత్వం పాత రాతల్ని చెరిపేస్తూ ఉండే కథ. మైలుతుత్తం వాసనున్న నా బైండు సంపుటాలకి ఆ గండం ఎప్పుడూ రాలేదు.

కేటలాగు గురించి చిన్నగా చెప్పి ముందుకెళ్తాను. లైబ్రరీ సాఫ్ట్‌వేరు కోహా వాడినా సోల్ వాడినా, ఈ-పుస్తకం రికార్డులో 856 ఫీల్డులో లింకు ఇస్తాం. ప్యాకేజీ రికార్డులు ఒక్కసారిగా వెయ్యి ఎక్కించేటప్పుడు ప్రతి దానికీ ఆ ప్యాకేజీ గుర్తొకటి పెట్టండి. చందా అయిపోయిన రోజు ఆ గుర్తుతో పట్టి వెయ్యీ ఒక్కసారి తీసెయ్యొచ్చు. లేకపోతే కేటలాగు నిండా తెరుచుకోని తలుపులే మిగుల్తాయి. రెండుసార్లు తలుపు తెరుచుకోకపోతే మూడోసారి ఆ పిల్ల మీ లైబ్రరీకి రాదు.

వాడకం లెక్కలు. ప్రచురణకర్తలందరూ ఒకే పద్ధతిలో లెక్క ఇవ్వాలని 2002లో కౌంటర్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఇప్పుడు ఐదో రూపం నడుస్తోంది. మొత్తం సంఖ్య చూసి మురిసిపోకండి. ఒకే మనిషి వ్యాసాన్ని ముందు తెర మీద తెరిచి, తర్వాత పీడీఎఫ్ దించుకుంటే మొత్తంలో రెండు పడుతుంది. విడి వ్యాసాల సంఖ్య వేరే వరసలో ఉంటుంది, దాన్ని తీసుకోండి. మాటకి, రెండు లక్షలు కట్టిన డేటాబేసులో ఏడాదికి నాలుగు వందల విడి వ్యాసాలు తెరిచారనుకోండి, వ్యాసానికి ఐదు వందలు పడినట్టు. ఖరీదా చవకా అన్నది ఆ శాఖని బట్టి ఉంటుంది. నలుగురే పరిశోధకులున్న శాఖని, మూడు వందల మంది ఉన్న శాఖతో ఒకే తక్కెడలో తూచకూడదు. ఈ లెక్క చూపించి చిన్న శాఖల గొంతు నొక్కిన సమావేశాలు నేను చూశాను.

నాకు ఆ రిపోర్టుల్లో అన్నిటికంటే ఇష్టమైనది తిప్పి పంపిన వాళ్ల లెక్క. చందా లేనందువల్ల ఎంతమంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లారు, పరిమితి నిండిపోయి ఎంతమంది వెళ్లారు, పత్రికల పేర్ల వారీగా ఇస్తారు. వచ్చే ఏడు ఏం కొనాలో అందులోనే ఉంది. మేము ప్రొఫెసర్లకి ఫారాలు పంచి, అవి తిరిగి రాక తిప్పలు పడేవాళ్లం. పిల్లలు రోజూ ఆ జవాబు చెప్తూనే ఉన్నారు, మేమే చదవలేదు.

ఇప్పుడు తాళం తెరుచుకుంది, లోపలికి వెళ్లారు. పదమూడు వేల పత్రికల్లో ఏం అడగాలి? ఇక్కడే మన పిల్లలు ఓడిపోతున్నారు. ఒకమ్మాయి ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేస్తూ నా దగ్గరకొచ్చింది. ‘ఉద్దానం’ అని కొట్టాను మేడం, కొన్నే వచ్చాయి అంది. ముందు, ఇంగ్లీషులో ఉద్దానాన్ని ‘డి’ తర్వాత ‘హెచ్’ పెట్టీ రాస్తారు, పెట్టకుండానూ రాస్తారు. రెండూ వెతకాలి. తర్వాత, కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకి సీకేడీయూ అని పేరు. ‘కారణం’ అన్న అర్థంలో వాడే ఇటియాలజీ అన్న మాటని అమెరికా వాళ్లు ‘ఇ’తో మొదలుపెడతారు, బ్రిటిష్ వాళ్లు దానికి ముందు ‘ఎ’ చేరుస్తారు. ఒక స్పెల్లింగుతో వెతికితే రెండోది తప్పిపోతుంది. ఇంకా ముఖ్యం, ఈ జబ్బు మనదొక్కటే కాదు. శ్రీలంకలో వరి పండించే చోట ఉంది, మధ్య అమెరికాలో చెరుకు కోసే కూలీల్లో ఉంది. అక్కడ దాన్ని మెసోఅమెరికన్ నెఫ్రోపతీ అంటారు. ఉద్దానంలోని కవిటి గురించి రాయడానికి నికరాగువా చదవాలి. ఆ పేర్లన్నీ కలిపి వెతికాక ఆ అమ్మాయికి వచ్చిన జాబితా చూసి, ఇప్పుడు ఇన్ని ఎప్పుడు చదవను అని ఏడుపు మొహం పెట్టింది. (నవ్వులు) అది మంచి ఏడుపే.

చరిత్ర వాళ్లకి ఇంకా కష్టం. శ్రీకాకుళం అని వెతికితే పాత రాతల్లో ఏమీ రాదు. ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని రాశారు. జిల్లా పేరుతో వెతుకుదామంటే మన జిల్లా 1950 ఆగస్టు 15న గానీ పుట్టలేదు. 1936 వరకు మనది గంజాం జిల్లా, తర్వాత విశాఖపట్నం జిల్లా. విజయనగరానికి పాత స్పెల్లింగులు మూడు నాలుగున్నాయి, జిల్లా అయితే 1979లోనే వచ్చింది. ఇవి తెలియకపోతే ఎంత గొప్ప డేటాబేసైనా చీకటి గదే. సవర భాష మీద పనిచేసేవాళ్లు సవర, సోరా, సవోరా, సౌరా అన్నీ కొట్టాలి. మన గిడుగు రామమూర్తి గారే 1931లో ఆ భాషకి వ్యాకరణం లాంటి మాన్యువల్, 1938లో నిఘంటువు తెచ్చారు. నిఘంటువుకి ‘సోరా’ అని పేరు పెట్టారు. ఆయన పుట్టిన జిల్లాలోనే పిల్లలు సవర అని కొట్టి, ఏమీ లేదనుకుని వెనక్కొచ్చేస్తున్నారు. చెప్పాల్సింది మనం. దీనికి ఏ కన్సార్టియమూ మనిషిని పంపదు.

పత్రికల మంచిచెడ్డల గురించి అడుగుతారని తెలుసు. నమ్మదగిన పత్రికలివీ అని యూజీసీ ఇచ్చే కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇప్పుడు భారం సంస్థల మీద పడింది. మూడ్రోజుల్లో అచ్చేస్తాం, డబ్బు పంపమనే పత్రికకి దండం పెట్టి దూరం జరగండి. అంతకంటే చెప్పడానికి ఈ పూట సమయం లేదు.

భద్రత ఒక్కటి మిగిలింది. అవతలి ప్రచురణకర్త మూతపడితే మన శాశ్వత హక్కు ఏమవుతుంది? 1999లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు లాక్స్ అని మొదలుపెట్టారు. ఆ పేరు విప్పితే అర్థం, కాపీలు ఎన్ని ఎక్కువుంటే అంత క్షేమం అని. ఒక్కో లైబ్రరీ ఒక్కో కాపీ దాచుకుంటుంది, ఒకదాన్ని ఒకటి సరిచూసుకుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు విరుచుకుపడినప్పుడు ఇళ్లలో దాచుకున్న విత్తనం తడిసిపోయిన రైతులు, కొండవైపు ఊళ్లలో ఉన్న చుట్టాల ఇళ్ల నుంచి తెచ్చుకున్నారు. అదే సూత్రం. లాక్స్, పోర్టికో లాంటి చోట మన పత్రిక ఉందా అని ఒప్పందానికి ముందు అడగండి.

విదేశీ పత్రికలకి ఎవరో ఒకరు కాపలా ఉన్నారు. మనవాటికి? ఈ ఊళ్లోనే కథా రచయిత కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో కథానిలయం తెరిచారు. తెలుగు కథ అచ్చయిన ప్రతి పత్రికా వెతికి తెచ్చి దాచారు. ఇప్పుడు అవి స్కాన్ అయి ఇంటర్నెట్లో ఎక్కడివాళ్లైనా చదువుకుంటున్నారు. యూజీసీ నిధులు కావు, కన్సార్టియం కాదు, ఒక బడిపంతులి పట్టుదల. మన లైబ్రరీల్లో పాత పీజీ సెంటరు రోజుల నాటి టైపు కొట్టిన థీసిస్‌లు ఉన్నాయి. కొత్తవి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల థీసిస్‌ల ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగకి వెళ్తున్నాయి. పాతవాటి కార్బన్ కాపీలు ఏటేటా కొంచెం వెలిసిపోతున్నాయి. వాటికి ఎవడూ అద్దె అడగడు. బీరువా మనది, తాళం మనదే, తెరవడమే లేదు.

సరే, నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. టీ తర్వాత కంప్యూటర్ ల్యాబ్‌లో కలుద్దాం. ఇరవై సిస్టమ్‌లే ఉన్నాయిట, ఇద్దరికొకటి. ప్రతివాళ్లూ మీ కాలేజీ తీసుకున్న ఏదో ఒక పత్రిక ఎంచుకుని, అది మీకు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా తెరుచుకుంటుందో చూసి కాగితం మీద రాసుకురండి. నిన్న విజయనగరంలో ఇదే పని చేయిస్తే ఒకాయన లాగిన్, పాస్‌వర్డ్ బోర్డు మీద పెద్ద అక్షరాల్తో రాసేశారు. అది మాత్రం చెయ్యకండి బాబూ.